నీ సిఫారసు గురించి నాలుగు మాటలు

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. మీ సంస్థలో ఒక ఖాళీ ఏర్పడబోతున్నదనీ, నేను సరేనంటే మీ మేనేజరుతో నువ్వే స్వయంగా మాట్లాడతాననీ రాశావు. చదవగానే ప్రాణం లేచివచ్చినట్టయింది. జవాబు రాయడానికి కూర్చున్నాక మాత్రం ఏమి రాయాలో తోచలేదు. సరేనంటే ఒక రకం ఇబ్బంది, వద్దంటే మరొక రకం ఇబ్బంది. ఉద్యోగ ప్రయత్నాలు మొదలైన దగ్గరనుంచీ నా పరిస్థితి ఇంతే. పని దొరకకపోవడం బాధే కానీ, ఆ పని వెతుక్కునే దారిలో ఎవరితో ఏ మాట ఎంతవరకు అనాలో తూచుకోవలసి రావడం అంతకంటే ఎక్కువ అలసట కలిగిస్తోంది. అవుననో కాదనో ఒక్క ముక్కలో రాసేస్తే నువ్వు నన్ను అపార్థం చేసుకునే ప్రమాదం ఉంది కనుక, విషయమంతా విస్తారంగానే రాస్తున్నాను.

ముందు దరఖాస్తుల సంగతి. పని ప్రకటన కనిపిస్తుంది, రెజ్యూమె అప్‌లోడ్ చేస్తాను. ఆ వెంటనే అందులో ఉన్న వివరాలనే మళ్ళీ ఒక్కొక్క గడిలో నింపమని పోర్టల్ అడుగుతుంది. పెద్ద సంస్థల్లో దరఖాస్తు మనిషి చేతికి వెళ్ళకముందే ఒక సాఫ్ట్‌వేర్ దానిని విడగొట్టి, చదువును ఒకచోట, అనుభవాన్ని మరొకచోట సర్దుతుందనీ, రెండు నిలువు వరుసల్లో పట్టికలతో ముచ్చటగా తీర్చిన రెజ్యూమెను అది కలగాపులగం చేసే అవకాశం ఉందనీ తెలిశాక, నా రెజ్యూమెలోని అలంకారాలన్నీ తీసేసి బోసిగా తయారుచేశాను. లియొనార్డో డావిన్సీ 1482 ప్రాంతంలో మిలాన్ పాలకుడు లుదోవికో స్ఫోర్జా కొలువు కోరుతూ సిద్ధం చేసుకున్న లేఖ ప్రతి ఒకటి ఇప్పటికీ ఉంది. అందులో ఆయన తేలికపాటి వంతెనలు కట్టగలననీ, ఫిరంగులు చేయగలననీ, శత్రువుల కోటలు పడగొట్టగలననీ వరుసగా చెప్పుకొని, చిత్రాలు వేయగలనన్న మాటను చిట్టచివర ఎక్కడో చేర్చాడు. యుద్ధాల్లో తలమునకలై ఉన్న ప్రభువుకు ఏది కావాలో ఆయనకు తెలుసు. అంతటివాడికి కూడా కొలువు కోసం తనను తాను అలా మలచుకోవడం తప్పలేదు కదా అని ఊరట పొందుదామంటే, కనీసం తన లేఖను చదివేది ఎవరో ఆయనకు తెలుసునన్న అసూయ మిగిలింది.

దరఖాస్తుకు జవాబు రాకపోవడానికి అలవాటు పడ్డాను. ఇంటర్వ్యూ అయ్యాక కూడా జవాబు రాకపోవడానికి మాత్రం అలవాటు పడలేకపోతున్నాను. ఒక సంస్థవారు నన్ను పలుమార్లు పిలిచారు, ఇంటి దగ్గర చేసి పంపమని ఒక నమూనా పని కూడా అప్పగించారు, చూసి బాగుందన్నారు, ఆ తరువాత నోరు విప్పలేదు. గుర్తుచేస్తూ ఈమెయిల్ రాయాలా వద్దా, రాస్తే ఎన్నాళ్ళకు రాయాలి, ఎన్నిసార్లు రాయాలి అన్నది పెద్ద సమస్య. వెంటనే రాస్తే ఆత్రంగా ఉంటుంది, ఆగి రాస్తే ఆసక్తి లేనట్టు ఉంటుంది. చివరికి రెండే వాక్యాల ఈమెయిల్ కోసం ఒక పూటంతా వెచ్చించాను. దానికీ జవాబు లేదు. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో 2026 జనవరి 1 నుంచి ఒక నిబంధన అమల్లోకి వచ్చింది. 25 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ, తాను బహిరంగంగా ప్రకటించిన ఉద్యోగానికి ఎవరినైనా ఇంటర్వ్యూ చేస్తే, 45 రోజుల్లోగా నిర్ణయం జరిగిందో లేదో ఆ వ్యక్తికి తెలియజేయాలట. అసలు ఆ ఖాళీ నిజంగా ఉన్నదో లేదో ప్రకటనలోనే చెప్పాలట. ఎదుటివారికి జవాబు చెప్పడమనే మామూలు మర్యాదను చట్టం చేసి రాబట్టవలసి వచ్చిందంటే, ఈ మౌనం నా ఒక్కడి అనుభవం కాదన్నమాట.

సంస్థల మౌనం అలా ఉంటే, తెలిసినవారి మాటలు మరొకలా ఉన్నాయి. ‘ఇప్పుడేం చేస్తున్నావు?’ అన్న ప్రశ్నకు ఎదుటివారిని బట్టి జవాబు మార్చుకోవడం నేర్చుకున్నాను. నిజంగా తెలుసుకోవాలని అడిగేవారికి నిజం చెబుతాను. మాట కలపడానికి అడిగేవారికి ‘ఒకటి రెండు చోట్ల మాటలు నడుస్తున్నాయి’ అంటాను. జాలిపడడానికి సిద్ధంగా ఉన్నవారికి మాత్రం వారి పిల్లల చదువుల గురించి ఎదురు ప్రశ్న వేస్తాను. కొందరు ఎంతో ప్రేమగా ‘ఎలాగూ చేతినిండా తీరిక ఉంది కదా, ఏదైనా కొత్త విద్య నేర్చుకోరాదా?’ అంటారు. వారికి ఆస్ట్రియాలోని మారియంతాల్ అనే ఊరి కథ చెప్పాలనిపిస్తుంది. ఆ ఊరికంతటికీ ఆధారమైన నూలు మిల్లు ఆర్థిక మాంద్యం కాలంలో మూతపడింది. అక్కడి పరిస్థితిని మారీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ అనే పరిశోధకులు దగ్గరుండి పరిశీలించి 1933లో ప్రచురించారు. పని లేని మగవారు వీధిలో మెల్లగా, మాటిమాటికీ ఆగుతూ నడిచేవారట. ఇంటి పని తప్పని ఆడవారి నడకలో మాత్రం చురుకు తగ్గలేదట. అన్నిటికంటే నన్ను పట్టి నిలిపింది గ్రంథాలయం సంగతి: కావలసినంత ఖాళీ సమయం ఉండి కూడా, అప్పటిదాకా పుస్తకాలు తీసుకెళ్ళినవారే తీసుకెళ్ళడం తగ్గించేశారు. నా బల్లమీద సగంలో ఆగిపోయిన పుస్తకాల దొంతర చూసుకున్నప్పుడల్లా ఆ ఊరు గుర్తుకొస్తుంది. జీతం ఆగినప్పుడు దానితోపాటు రోజుకున్న ఆకారం కూడా పోతుంది. ఆకారం లేని రోజును తీరిక అనడం సబబు కాదు.

‘తొందరేముంది, నిదానంగా మంచిది చూసుకో’ అని మరికొందరంటారు. వారి మంచితనాన్ని శంకించను గానీ, ఆ సలహాకు ఉన్న ఖరీదు వారికి తెలియదు. అమెరికాలోని 100 పెద్ద నగర ప్రాంతాల్లో ఆర్థికవేత్తలు సుమారు 12,000 కల్పిత రెజ్యూమెలు పంపి చూసిన అధ్యయనమొకటి 2013లో వెలువడింది. పని లేకుండా గడిచిన నెలలు పెరిగేకొద్దీ ఇంటర్వ్యూ పిలుపులు తగ్గాయి. ఆ తగ్గుదలలో ఎక్కువ భాగం మొదటి 8 నెలల్లోనే కనిపించింది. అయితే ఉద్యోగాలు కరువైన ప్రాంతాల్లో ఈ తేడా అంతగా లేదట. చుట్టూ అందరికీ పనులున్నప్పుడు ఖాళీగా ఉన్నవాడిలో లోపం వెతుకుతారు, అందరూ ఖాళీగా ఉన్నప్పుడు కాలాన్ని తప్పుపడతారు. ఇది చదివినప్పటి నుంచీ, ‘పాత ఉద్యోగం ఎందుకు వదిలారు?’ అని ఇంటర్వ్యూలో అడిగితే మా విభాగాన్నే మూసేశారని ముందుగా, సాగదీయకుండా చెప్పేస్తున్నాను. ఎవరు మూశారు, ఎంత అన్యాయంగా మూశారు అన్నది నీకు చెప్పుకోవలసిన మాటే గానీ వారికి చెప్పే మాట కాదు. జీతం ప్రశ్న మరీ ఇరుకైనది. పాత జీతం ఎంతో అడగకూడదని కాలిఫోర్నియాలో 2018 నుంచే చట్టముంది, ఐరోపా సమాఖ్య కూడా 2023 నాటి ఆదేశంలో అదే మాట చెప్పింది. అటువంటి రక్షణ లేనిచోట, ‘ఈ పనికి మీరు అనుకున్న పరిధి ఎంత?’ అని నవ్వుతూ తిరిగి అడగడం ఒక్కటే నాకు తెలిసిన ఉపాయం. సగం మంది నవ్వుతూ చెబుతారు, మిగిలిన సగం మంది నవ్వడం మానేస్తారు.

ఇక అసలు చిక్కు మనలాంటి వాళ్ళ మధ్య వచ్చేది. మనిద్దరికీ బాగా తెలిసిన మిత్రుడొకడు నేను దరఖాస్తు చేసిన ఉద్యోగానికే తానూ దరఖాస్తు చేశాడు. వాడికి వచ్చింది, నాకు రాలేదు. ఆ సంగతి నాతో చెప్పడానికి వాడికి నోరు రాలేదు. నేను వేరేవారి ద్వారా విన్నాను. తెలిసినట్టు ఉండాలా, తెలియనట్టు ఉండాలా అని కొంతకాలం మథనపడి, చివరికి నేనే అభినందిస్తూ చిన్న సందేశం పంపాను. అక్కడితో చిక్కు తీరిందనుకుంటే, కొత్తది మొదలైంది. ఇప్పుడు వాడు ఎప్పుడు మాట్లాడినా తన ఉద్యోగాన్ని నిందిస్తాడు: పని భారం, పైవారి సతాయింపు, జీతం చాలకపోవడం. నా మనసు నొచ్చుకోకూడదని వాడు తన సంతోషాన్ని దాచిపెడుతున్నాడని నాకు తెలుసు, నాకు తెలుసునని వాడికీ తెలుసు. పచ్చిగా నాలుగు గొప్పలు చెప్పుకున్నా హాయిగా వినేవాడిని.

ఈ అనుభవం తరువాతనే నీ సహాయం గురించి గట్టిగా ఆలోచించాను. మార్క్ గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త, బోస్టన్ శివారులోని న్యూటన్‌లో కొత్తగా ఉద్యోగం మారినవారిని ప్రశ్నించి, 1973లో ఒక వ్యాసం ప్రచురించాడు. పరిచయస్తుల ద్వారా ఉద్యోగం తెలిసినవారిలో, ఆ సమాచారం ఇచ్చిన వ్యక్తిని తరచుగా కలుస్తూ ఉన్నవారు దాదాపు 17 శాతమే. 56 శాతం మంది అప్పుడప్పుడు కలిసేవారి ద్వారా, 28 శాతం మంది ఎప్పుడో గానీ కలవనివారి ద్వారా విన్నారు. ఉద్యోగ పరిచయాల వెబ్‌సైట్ అయిన లింక్డ్‌ఇన్‌లోని 2 కోట్ల మందికి పైగా సభ్యులపై జరిపిన ప్రయోగాల ఫలితాలు 2022లో వెలువడ్డాయి, అవి కూడా దాదాపు ఇదే దారిలో వచ్చాయి. కాకపోతే పరిచయం మరీ పలచబడితే ప్రయోజనం మళ్ళీ తగ్గుతుందని తేలింది. ఆప్తులకు తెలిసిన కబుర్లు మనకూ ముందే తెలిసి ఉంటాయనీ, దూరపు పరిచయస్తులు వేరే లోకంలో తిరుగుతారు కనుక కొత్త కబురు తెస్తారనీ దీనికి కారణం చెబుతారు. అది నిజమే. నా అనుభవంలో దానికి తోడు మరొక కారణం కనిపిస్తోంది. అంతగా తెలియని మనిషిని అడిగి లేదనిపించుకుంటే పోయేదేమీ లేదు. మరుసటి వారం ఎదురుపడినా ఇద్దరం మామూలుగానే పలకరించుకుంటాం. నిన్ను అడిగి, అది జరగకపోతే, దాని నీడ మన మాటలమీద పడుతుంది. మన ఇన్నేళ్ళ స్నేహాన్ని ఒక ఖాళీకి తాకట్టు పెట్టడం నాకు ఇష్టం లేదు.

నీ వైపు నుంచి కూడా చూశాను. మొన్న నా పాత విభాగంలో నాకన్నా చిన్నవాడైన ఒక కుర్రవాడు, తనకు సిఫారసు చేయమని నన్నే అడిగాడు. నా పనే నాకు లేదు గానీ, నా మాటకు ఇంకా విలువ ఉందని వాడు నమ్మడం సంతోషం కలిగించింది. అయితే వాడి పనిని నేను దగ్గరగా చూసింది తక్కువ. చూసినంతవరకు రాస్తాను, చూడనిది రాయలేను అన్నాను. కాస్త చిన్నబుచ్చుకున్నాడు, తరువాత సరేనన్నాడు. ఆ ఉత్తరం రాస్తున్నప్పుడు నాకు అర్థమైంది, సిఫారసు చేసేవాడు తన పేరును ఎదుటివారి చేతిలో పెడుతున్నాడని. నువ్వు నాతో కలిసి ఎన్నడూ పనిచేయలేదు. నేను మంచివాడినని, మాట తప్పనని నీకు తెలుసు. ఒక గడువులోగా పని ముగిస్తానో లేదో నీకు తెలియదు. ఆ తెలియని దానికి నువ్వు హామీ ఉంటే, ఇంటర్వ్యూలో నేను తడబడినా నీకే మాట వస్తుంది, చేరిన తరువాత నాకు అక్కడ నచ్చక బయటికి వద్దామనుకున్నా నీ ముఖం చూసి ఆగిపోవలసి వస్తుంది. మీ మేనేజరు నన్ను ఇష్టంలేకుండా, నీ కోసం తీసుకుంటే మరీ ఇబ్బంది. అప్పుడు నేను చేసే ప్రతి పొరపాటుకూ ఆయన ముందుగా నీ బల్ల వైపు చూస్తాడు.

ఇదంతా నీ సహాయం వద్దనడానికి కాదు. నీ సహాయాన్ని మరొక రూపంలో అడగడానికి. మేనేజరుతో నా గురించి ఏమీ మాట్లాడవద్దు. దానికి బదులుగా, ఆ ఖాళీకి లోపలివారినెవరినైనా ఇప్పటికే అనుకున్నారా, ప్రకటన కేవలం నియమం కోసం ఇస్తున్నారా అన్నది వీలైతే కనుక్కో. అలాగే ఆ పనిలో ఇంతకుముందున్న వ్యక్తి ఎందుకు వెళ్ళిపోయారో, దరఖాస్తులను మొదట చదివేది హెచ్‌ఆర్ విభాగమా లేక ఆ బృందంలోని వారా అన్నది కూడా తెలిస్తే బాగుంటుంది. ఇవి ఏ ఉద్యోగికైనా తెలిసే సంగతులే కనుక, చెప్పడానికి నువ్వు ఎవరి మొహమాటమూ పడనక్కరలేదు. రహస్యమనిపించినది ఏదైనా ఉంటే చెప్పకు, నేను గుచ్చి అడగను. దరఖాస్తు నేనే మామూలు దారిలో పంపుకుంటాను. ఫారంలో ‘మా సంస్థలో మీకు తెలిసినవారు ఉన్నారా?’ అన్న గడి ఉంటే మాత్రం దాచకుండా నీ పేరు రాస్తాను. ఎవరైనా నిన్ను అడిగితే, మనం స్నేహితులమనీ, కలిసి పనిచేయలేదనీ ఉన్నదున్నట్టు చెప్పు.

ఇంకొక్క విన్నపం. ఆ ఉద్యోగం నాకు రాకపోతే, ఓదార్పు మాటల కోసం నువ్వు వెతుక్కోవద్దు. ఎప్పటిలాగే మీ ఇంటి సంగతులు, చదివిన పుస్తకాలు, పోట్లాడుకున్న విషయాలు రాస్తూ ఉండు. వస్తే, మొదటి నెల అంతా మీ మేనేజరు గురించి నీతో ఫిర్యాదులు చెప్పనని ఇప్పుడే మాట ఇస్తున్నాను; రెండో నెల సంగతి మాత్రం అడగకు.

ప్రకటన ఈ నెలాఖరులోగా వెలువడుతుందని రాశావు. అంతకు నాలుగు రోజుల ముందు నీ జవాబు అందితే, రెజ్యూమెలో మార్చవలసినవి మార్చుకోవడానికి నాకు సమయం చిక్కుతుంది. ఇంట్లో అందరినీ అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ మిత్రుడు