రోజువారీ ఫొటోలకు పెద్ద ఫిల్మ్ కెమెరా ఎందుకు?

ఎడిటర్ గారికి, నమస్కారం.

ఫిల్మ్ కెమెరాల మీద మీరు వేసిన వ్యాసం చదివాను. కుర్రకారు మళ్లీ రీలు వేసి ఫొటోలు తీస్తున్నారంటే ఎంతో సంతోషంగా ఉంది. కానీ కొత్తవాళ్లకు అన్నీ ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలే (లోపలి అద్దం సాయంతో లెన్సులోంచే చూసి తీసే పెద్ద కెమెరాలు) చెప్పారు. స్టూడియోలో ఏళ్ల తరబడి పనిచేసినదాన్ని, పెంటాక్స్ కె1000 ఎంత మంచి కెమెరానో నాకు తెలుసు. పని నేర్చుకోవాలంటే అదే కొనమంటాను. అయితే లెన్సు కాకుండానే 600 గ్రాములు దాటుతుంది. పిల్లల్ని బడి నుంచి తీసుకొచ్చేటప్పుడు కూడా దాన్ని మెడలో వేసుకుని ఎవరు తిరుగుతారు? నాలుగు రోజులు పోతే బీరువాలో పెట్టేస్తారు.

నా హ్యాండ్‌బ్యాగులో ఉండేది ఒలింపస్ ట్రిప్ 35. 1967 నుంచి 1984 దాకా తయారైంది. బరువు 400 గ్రాములకు అటూ ఇటూ. బ్యాటరీయే అక్కర్లేదు. లెన్సు చుట్టూ గాజు బుడిపెల్లా కనిపించే సెలీనియం సెల్ మీద పడే వెలుతురుతోనే, వెలుతురును కొలిచే మీటర్ పనిచేస్తుంది. ఫోకస్‌కి దూరం అంచనా వేసుకుని రింగు మీది బొమ్మకు తిప్పితే చాలు: ఒక మనిషి, ఇద్దరు, గుంపు, కొండ. వెలుతురు చాలకపోతే వ్యూఫైండర్‌లో ఎర్ర జెండా లేస్తుంది, షట్టర్ పడదు, రీలు వృథా కాదు. పగటిపూట ఎండలోనైనా నీడలోనైనా 400 ఐఎస్‌ఓ (వెలుతురును పట్టే వేగం) ఫిల్ముతో టెన్షన్ లేకుండా తీయొచ్చు. రాత్రి ఇంట్లో మాత్రం ఫ్లాష్ ఉండాల్సిందే.

పాతది కొనేవాళ్లు ఇలా చూసుకోండి. లెన్సు మీది ఎపర్చర్ రింగును (వెలుతురు దారిని మార్చేది, ఫోకస్ రింగు కాదు) ‘ఎ’ అంటే ఆటోమేటిక్ మీద పెట్టి, వెనక చక్రం ఆగేదాకా తిప్పి, లెన్సును అరచేత్తో పూర్తిగా మూసి బటన్ నొక్కండి. జెండా రావాలి. చెయ్యి తీసి కిటికీ వైపు పెట్టి నొక్కితే క్లిక్‌మనాలి. వెలుతురులోనూ జెండానే లేస్తుంటే సెల్ పోయినట్టే, వదిలేయండి. వెనక తలుపు అంచున నల్ల స్పాంజి జిగటగా వేళ్లకు అంటితే భయపడక్కర్లేదు, కొత్తది అతికించుకోవచ్చు. మార్చకపోతే మాత్రం వెలుతురు దూరి ఫొటోల మీద చారలు పడతాయి.

అందరూ వెంటపడుతున్న ఒలింపస్ మ్యూ 2 ఇంకా తేలిక, 135 గ్రాములే. లెన్సు చాలా బాగుంటుంది. కానీ లోపలంతా ఎలక్ట్రానిక్సే, సర్క్యూట్ పోతే బాగుచేయించడం చాలా కష్టం. పాతవాటితో తంటాలు వద్దనుకునేవాళ్లకు 2024లో వచ్చిన పెంటాక్స్ 17 ఉంది. హాఫ్ ఫ్రేమ్, అంటే ఒక ఫొటో పట్టే చోట రెండు పడతాయి కాబట్టి 36 ఫొటోల రీలుకు 72 వస్తాయి.

ఈసారి రాసేటప్పుడు ఈ చిన్న కెమెరాలకూ కాస్త చోటివ్వండి.

- మీ పాఠకురాలు