కొత్త రైతు ప్రశ్నను తీసేయకండి, ఎదురు ప్రశ్న వేయండి

సంపాదకులకు నమస్కారం.

మాది నల్లగొండ జిల్లా గుర్రంపోడు మండలంలో ఒక పల్లె. మూడెకరాల చెల్కలో (ఎర్ర నేలలో) బత్తాయి పెట్టాను, సుమారు 330 చెట్లు. అంతకు ముందు పత్తి, కంది తప్ప పండ్ల తోట ఎరగను. తోట మొదటి కాపుకు వచ్చిన ఏడాది కాయలు నిమ్మకాయంత కాగానే రాలడం మొదలైంది. టెన్షన్‌తో నిద్ర పట్టక ఒక రాత్రి రైతుల వాట్సాప్ గ్రూపులో "బత్తాయి కాయ రాలుతున్నది, ఏం మందు కొట్టాలె?" అని పెట్టాను. ఆ గ్రూపులో చేరి అప్పటికి రెండు రోజులే.

"ఇదే ప్రశ్న ఎన్నిసార్లు? పైన పాత మెసేజులు చూసుకో" అని ఒకరు రాశారు. ఇంకో ఇద్దరు మోతాదు కూడా చెప్పకుండా హార్మోను మందుల పేర్లు పెట్టారు. తెల్లారి చూస్తే నా ప్రశ్నే లేదు, అడ్మిన్ తీసేశారు. ఆ తర్వాత ఆరు నెలలు ఆ గ్రూపులో నేను నోరు విప్పలేదు.

అదే గ్రూపులో ఉన్న హాలియా వైపు పెద్దాయన ఒకరు ఆ సాయంత్రం నాకు విడిగా ఫోన్ చేశారు. మందు పేరు ఒక్కటీ చెప్పలేదు. "చెట్ల వయసెంత? జంబేరి నిమ్మ మీద కట్టిన అంటా, రంగపూర్ నిమ్మ మీదనా? రాలిన కాయకు సూది గుచ్చినంత రంధ్రం ఉన్నదా, తొడిమ కాడ నల్లబడ్డదా? ఆఖరు తడి ఎన్నడు పెట్టినవ్, దాని ముందటిది ఎన్నడు? మొదట్ల బంక కారుతున్నదా?" అని అడిగారు. అన్నిట్లో చెట్ల వయసు ఒక్కటే చెప్పగలిగాను. "రేపు పొద్దున చూసి చెప్పు బిడ్డా, తొందరేం లేదు" అన్నారు.

మర్నాడు ఒక్కో చెట్టు దగ్గర వంగి చూశాను. తోట పెట్టినప్పటి నుంచి నేను మొదళ్ళు అట్లా చూసిందే లేదు. 14 చెట్లకు బంక కారుతోంది. నీళ్ళు కాండానికి తగిలేటట్టు పాదు చేసి ఆ తెగులు తెచ్చింది నేనే. మిగతా చెట్ల సంగతి వేరు. మోటారు కాలిపోయి ఇరవై రోజులు తడి లేదు, బాగుకాగానే ఒక్కసారే నిండా పెట్టాను. ఆ రాలుడు దానివల్ల వచ్చింది. ఏ హార్మోను కొట్టినా ఆ బంక ఆగేది కాదు. ఆయన చెప్పినట్టే బంక గీకి, కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 10 లీటర్ల నీళ్ళతో బోర్డో పేస్టు చేసి పూశాను. పాదులు కాండానికి దూరంగా జరిపాను. 14లో 9 చెట్లు నిలబడ్డాయి.

నేను పెట్టింది సరైన ప్రశ్న కాదు, ఒప్పుకుంటాను. కానీ ఏమేం చెప్పాలో తెలిస్తే వాడు కొత్తవాడెట్లా అవుతాడు? నా ప్రశ్నను ఆ పెద్దాయన తన ప్రశ్నలతో బాగు చేశారు. 2004 జనవరి నుంచి నడుస్తున్న కిసాన్ కాల్ సెంటర్‌కు, 1800-180-1551కు, ఫోన్ చేసినా ముందు ఏ జిల్లా, ఏ మండలం, ఏ పంట అనే అడుగుతారు. నువ్వు సరిగ్గా అడగలేదని ఫోన్ పెట్టేయరు.

మా అమ్మాయి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ పని చేస్తుంది. వాళ్ళకు ప్రోగ్రామింగ్ ప్రశ్నలు అడుక్కోవడానికి 2008లో మొదలైన స్టాక్ ఓవర్‌ఫ్లో ఉంది. తమ దగ్గర కొత్తవాళ్ళకు ఆదరణ సరిగ్గా లేదని 2018లో ఆ సంస్థే బాహాటంగా ఒప్పుకుందట. ఆ ఏడాదే కొత్త సభ్యుల ప్రశ్నల కింద వాళ్ళు కొత్తవాళ్ళని తెలిసేలా గుర్తు పెట్టడం మొదలుపెట్టారు. అంత చదువుకున్నవాళ్ళకే అది అవసరమైంది.

మా వదినది మరో బాధ. ఆమెకు ఫోన్‌లో టైపు చేయరాదు, మాటలు రికార్డు చేసి పంపుతుంది. "ఆకులు చిన్నగయి పచ్చబడ్డయి" అని పంపితే, "ఆకు పచ్చగా ఉంటే మంచిదే కదమ్మా" అని నవ్వు బొమ్మలు పెట్టారు. మా దిక్కు పచ్చబడ్డదంటే పసుపు రంగుకు తిరిగిందని. ఈనెలు ఒక్కటే ఆకుపచ్చగా ఉన్నాయా అని ఎవరైనా ఒక్క మాట అడిగితే అది జింకు లోపంతో వచ్చే శనగాకు తెగులని అప్పుడే తేలేది. ఆమె చెప్పిన గుర్తు సరిగ్గానే ఉంది, విన్నవాళ్ళకే అర్థం కాలేదు. తోటలో పొద్దంతా ఉండేది ఆమె, అందరికంటే ముందు తెగులు కనబడేది ఆమెకే. అట్లాంటి మనిషి ఇప్పుడు గ్రూపులో ఏమీ అడగదు.

అడ్మిన్ల కష్టం నాకు తెలియనిది కాదు. వందల మంది ఉన్న గ్రూపులో అదే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తే ఎవరికైనా విసుగొస్తుంది. పాత జవాబు ఉంటే దాన్నే తెచ్చి పెట్టండి, వెతుక్కోమని పంపకండి. ఏ పంట, చెట్టు వయసు, నేల, ఆఖరు తడి, ఇప్పటికే కొట్టిన మందు, దగ్గర నుంచి ఒక ఫొటో, దూరం నుంచి ఒక ఫొటో: ఇవి చెప్పమని మన యాసలో అర నిమిషం ఆడియో చేసి గ్రూపులో పిన్ చేస్తే చదవరానివాళ్ళు కూడా వింటారు. తోచిన మందు పేరు పెట్టడం మాత్రం ఆపాలి. నా దృష్టిలో ప్రశ్న తీసేయడం కంటే అదే ఎక్కువ నష్టం.

మీ పత్రికకు ఒక విన్నపం. వ్యవసాయ పేజీలో రైతుల సందేహాలకు జవాబులు వేసినప్పుడు, ప్రశ్నతో పాటు ఏమేం రాసి పంపాలో కింద నాలుగు లైన్లు వేయండి. కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రం వాళ్ళను అడిగితే ఏ పంటకు ఏం చూడాలో చెబుతారు. సంక్రాంతి దాటితే బత్తాయి పూతకు వస్తుంది, దాని వెనకే పిందె రాలుతున్నదని ప్రశ్నలు మొదలవుతాయి. ఆలోపు వేస్తే ఈ ఏడు కొత్తగా కాపుకు వచ్చే తోటల వాళ్ళకు అందుతుంది.

ఇట్లు,
ఒక బత్తాయి రైతు,
గుర్రంపోడు మండలం, నల్లగొండ జిల్లా