వార్షిక నివేదిక 2024–25: శిక్షణ గురించి మన యువ వైద్యుల మాట

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది సంఘం ఎక్కువగా పట్టించుకున్న పని ఒక్కటే. ఎంబీబీఎస్ ముగించిన మన శ్రీకాకుళం పిల్లలను పిలిచి, వారికి అందిన శిక్షణ ఎలా ఉందో అడిగాం. 2008లో ఇక్కడ రిమ్స్ అనే ప్రభుత్వ వైద్య కళాశాల మొదలయ్యే వరకు ప్రభుత్వ కళాశాలలో వైద్యం చదవాలంటే కనీసం విశాఖపట్నం దాకా వెళ్లవలసిందే. 2023లో విజయనగరానికీ ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. సీట్ల గురించి ఊరంతా మాట్లాడుకుంటుంది. లోపల ఏం నేర్పుతున్నారన్నది నేర్చుకున్నవారే చెప్పాలి.

సంతృప్తిగా ఉన్నారా అంటే అందరూ ఉన్నామనే అన్నారు. గురువుల మీద గౌరవంతో వచ్చే జవాబు అది. అందుకే ప్రశ్న మార్చాం: ‘ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రాత్రివేళ మీరొక్కరే ఉంటే ఏ పని బెరుకు లేకుండా చేస్తారు?’ అప్పుడు అసలు సంగతులు బయటపడ్డాయి.

ఎక్కడ చదివినా రోగులకు కొరత లేదు. సెలైన్ ఎక్కించడం, కుట్లు వేయడం, మామూలు కాన్పు చేయడం చేతికి వచ్చాయని చాలామంది ధైర్యంగా చెప్పారు. వారిని బాధించింది వేరే విషయం. పక్కన నిలబడి చూసి, తప్పు దిద్దే సీనియర్ లేని పూటలు ఎక్కువ. హౌస్ సర్జన్సీ, అంటే ఎంబీబీఎస్ చివర ఆసుపత్రిలో తప్పనిసరిగా చేసే శిక్షణ, 12 నెలల్లో చాలా భాగం కేస్ షీట్లు నింపడానికి, రక్త నమూనాలు ల్యాబుకు చేర్చడానికి పోయిందని పలువురు అన్నారు. మిగిలిన సమయం పీజీ ప్రవేశ పరీక్ష చదువు లాక్కుంది. చేసిన పనులు నమోదు చేసే లాగ్ బుక్‌లో సీనియర్ సంతకం ఉన్నంత మాత్రాన నైపుణ్యం వచ్చినట్టు కాదని మేము గట్టిగా నమ్ముతున్నాం.

2019లో మారిన పాఠ్య ప్రణాళిక వైద్య నీతిని, రోగితో మాట్లాడే తీరును మొదటి ఏడాది నుంచే నేర్పాలంది. ఆ మార్పు మేలు చేసిందని ఆ తరువాత చేరినవారు చెప్పారు. అంతకు ముందు చదివినవారు దీన్ని సొంతంగా నేర్చుకున్నారు.

మన జిల్లాలో కిడ్నీ జబ్బు పీడిస్తున్న ఉద్దానం ప్రస్తావన వచ్చినప్పుడు గది నిశ్శబ్దమైంది. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో మధుమేహం, రక్తపోటు లేనివారికీ మూత్రపిండాలు దెబ్బతింటున్నాయి. కారణం ఇప్పటికీ కచ్చితంగా తేలలేదు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023లో ప్రారంభమైంది. కానీ ఆ ఆసుపత్రికి వెళ్లే దశకు చేరకముందే రోగి కలిసేది ఈ యువ వైద్యుణ్నే. తొలి దశలో లక్షణాలు కనిపించవు కాబట్టి మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష ఎవరికి చేయించాలి, నొప్పి మాత్రలు మింగుతూ పొలం పనికి వెళ్లే మనిషిచేత మూత్రపిండాలకు చేటు చేసే ఆ మాత్రలను ఎలా మాన్పించాలి, డయాలసిస్ మాట ఇంట్లోవారికి ఎలా చెప్పాలి? పాఠం వచ్చుగానీ ఈ పనులు ఎవరూ చేసి చూపించలేదని ఒక అమ్మాయి అంది. హౌస్ సర్జన్సీలో సామాజిక వైద్యానికి కేటాయించిన 12 వారాలను ఉద్దానం పల్లెల్లో గడపనిస్తే ఈ లోటు తీరుతుంది. ఇదే కోరుతూ వైద్య విద్యా శాఖకు వినతిపత్రం పంపాం. జవాబు రావలసి ఉంది.

మన సభ్యుల్లోని విశ్రాంత వైద్యులు ఆదివారాలు యువ వైద్యులతో కూర్చుని కేసులు చర్చిస్తున్నారు. వారికి సంఘం ఎంతో రుణపడి ఉంది. పుస్తకాల సహాయం ఎప్పటిలాగే కొనసాగింది. జమాఖర్చుల పట్టికను విడిగా పంపుతున్నాం.

ఇంట్లో హౌస్ సర్జన్సీ చేస్తున్న పిల్లలుంటే వారి పేర్లు కార్యదర్శికి తెలియజేయండి. వచ్చే విడత చర్చకు వారినీ పిలుస్తాం.