సెంటర్ స్పీకర్ సంగతి ముందు చూడు

తెనాలి

చిరంజీవి స్వాతికి,
నాన్న దీవెనలు.

మీ హోమ్ థియేటర్‌లో సినిమా వేస్తే మాటలు వినపడటం లేదనీ, వాల్యూమ్ పెంచితే ఫైటింగ్ రాగానే బాబు ఉలిక్కిపడుతున్నాడనీ ఫోన్లో అన్నావు. స్పీకర్లన్నిటినీ నడిపే పెట్టె, అదే రిసీవర్, ఇంకా ఖరీదైనది కొనాలేమోనని అల్లుడుగారి ఆలోచన. కొననివ్వకు. ఉన్నదాంట్లో నాలుగు సెట్టింగులు మారిస్తే చాలు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

ముందు టీవీలో సౌండ్ అవుట్‌పుట్ చూడు. అక్కడ పీసీఎం అని ఉంటే చాలా టీవీలు రిసీవర్‌కి రెండు ఛానళ్ళే పంపుతాయి. బిట్‌స్ట్రీమ్ గానీ పాస్ త్రూ గానీ పెట్టు. హెచ్‌డీఎంఐ వైరు టీవీ వైపు ఏఆర్‌సీ అని రాసిన సాకెట్లోనే ఉండాలి, టీవీ సౌండు రిసీవర్‌కి వెళ్ళేది దాంట్లోంచే. అన్నీ కుదిరితే, 5.1, అంటే ఐదు స్పీకర్లకీ, బేస్ పలికే సబ్‌ వూఫర్‌కీ విడివిడి సౌండు ఉన్న ఓటీటీ సినిమా వేసినప్పుడు రిసీవర్ మీద డాల్బీ అనే పేరు కనిపిస్తుంది.

వెనక స్పీకర్లు పలకడం లేదని ‘ఆల్ ఛానల్ స్టీరియో’ పెట్టానన్నావు చూడు, అసలు చిక్కంతా అక్కడే. ఆ మోడ్‌లో సౌండునంతా రెండు ఛానళ్ళకి కుదించి, అదే అన్ని స్పీకర్లకీ పంచేస్తుంది. ముందు నుంచి రావాల్సిన మాట వీపు వెనక నుంచి కూడా వస్తే చెవికి స్పష్టత ఎక్కడిది? వెనక స్పీకర్లు చాలాసేపు ఊరుకోవాల్సినవే. వానో, జనం గోలో, దూసుకుపోయే బండో వచ్చినప్పుడు పలికితే చాలు.

నేను సినిమా హాలు ప్రొజెక్టర్ క్యాబిన్‌లో పనికి చేరిన రోజుల్లో స్పీకర్లన్నీ తెర వెనకే. తెరకున్న సన్నటి చిల్లుల్లోంచి మాట హాల్లోకి వచ్చేది. తర్వాత డీటీఎస్ అనే డిజిటల్ సౌండు పద్ధతి వచ్చింది. సౌండు విడిగా సీడీల్లో వచ్చేది, ఫిల్ము మీద అచ్చయిన టైమ్ కోడ్‌ని చదువుతూ మిషను రెండింటినీ కలిపి నడిపేది. గోడల నిండా స్పీకర్లు బిగించారు. అయినా మాట మాత్రం తెర మధ్య నుంచే. మీ ఇంట్లో ఆ పని సెంటర్ స్పీకర్‌ది. దాన్ని టీవీ స్టాండు లోపలికి తోసేశారు, వీడియో కాల్‌లో చూశాను. అంచుదాకా లాగి, మూతి కాస్త పైకెత్తి మీ చెవుల వైపు తిప్పండి.

ఆ తర్వాత రిసీవర్‌తో వచ్చిన మైకు పెట్టి ఆటో సెటప్ నడపండి. మైకు సోఫాలో కూర్చున్నప్పుడు చెవులుండే ఎత్తులో ఉండాలి, దిండు మీద పడేయకూడదు. ఫ్యాను, ఏసీ ఆపేయండి. కుక్కర్ పొయ్యి మీద ఉంటే విజిల్స్ అయ్యేదాకా ఆగండి. పూర్తయ్యాక సబ్‌ వూఫర్ దూరం అసలు దూరం కంటే ఎక్కువ చూపించవచ్చు. తప్పని సరిదిద్దకు, దాని లోపలి సర్క్యూట్ చేసే ఆలస్యాన్ని కూడా అది దూరంగానే లెక్కేస్తుంది.

ముందున్న స్పీకర్లని ‘లార్జ్’ అని పెట్టి ఉంటే ‘స్మాల్’ చెయ్యి. అల్లుడుగారికి చిన్నతనంగా అనిపించొచ్చు గానీ, స్మాల్ అంటే బేస్ బరువు సబ్‌ వూఫర్‌కి అప్పగించడం, అంతే. క్రాస్‌ఓవర్, అంటే ఎక్కడి నుంచి కింది సౌండు సబ్‌ వూఫర్‌కి పోవాలో చెప్పే హద్దు, 80 హెర్ట్జ్ దగ్గర ఉంచు. స్పీకర్లు మరీ చిన్నవైతే 100 లేక 120. ఇంతా చేశాక కూడా మాట తగ్గినట్టుంటే సెంటర్ లెవెల్ మాత్రమే రెండు, మూడు డెసిబెల్స్ పెంచు.

బాబు పడుకున్నాక చూసేటప్పుడు నైట్ మోడ్ వేసుకో. పెద్ద శబ్దాలు తగ్గి, చిన్నవి పైకొస్తాయి. పగలు తీసెయ్, లేకపోతే సినిమా చప్పగా ఉంటుంది. హాలు, స్టేడియం, చర్చి అని ఉండే మోడ్‌ల జోలికి పోకు. లేని ప్రతిధ్వని కలపడం తప్ప వాటివల్ల ఒరిగేదేమీ లేదు.

మీ అమ్మ వచ్చినప్పుడు పాత నలుపు తెలుపు సినిమాలు అడుగుతుంది కదా, వాటికి డాల్బీ సరౌండ్ పెట్టు. రెండు ఛానళ్ళలోనూ ఒకటే సౌండు ఉంటే ఆ మోడ్ దాన్ని సెంటర్‌కే పంపిస్తుంది. మేము అప్పట్లో హాల్లో విన్నదీ దాదాపు అలాగే. పాటలకి మాత్రం మామూలు స్టీరియో.

పైనుంచి కూడా సౌండు వచ్చే అట్మాస్ కోసం సీలింగ్‌కి కన్నాలు పెట్టించే పని ఇప్పుడే వద్దని చెప్పు, ముందు ఇది కుదరనీ. వైర్లు పీకే ముందు రిసీవర్ వెనక వైపు ఫోటో తీసి నాకు పంపు. స్పీకర్ వైర్లలో ఎరుపు, నలుపు ఎక్కడైనా తారుమారయ్యాయేమో చూసి చెబుతాను.

మీ నాన్న