వార్షిక నివేదిక: కివీ పందిరి కింద తోడు పంటలు

సభ్యులకు నమస్కారం. జమాఖర్చులు విడి పత్రంలో ఇచ్చాం. ఇక్కడ తోట సంగతులు మాత్రమే.

ఈ ఏడాది సభ్యులు ఎక్కువగా అడిగిన ప్రశ్న ఒకటే. తీగ నిండా పూత, కాయ మాత్రం గోలీ అంతే, ఎందుకని? చాలా తోటల్లో తప్పు పందిరి కింద ఉంటుంది. కివీ పువ్వులో మకరందం ఉండదు. తేనెటీగ దాని దగ్గరికి పుప్పొడి కోసమే వస్తుంది. అదే సమయానికి కింద తెల్ల క్లోవర్ (నేలను కప్పుతూ పాకే చిన్న పప్పుజాతి మొక్క) విరగబూస్తే ఈగలన్నీ అటే పోతాయి. పుప్పొడి అందితేనే గింజలు కడతాయి, గింజలు ఎన్ని కడితే కాయ అంత ఊరుతుంది. మంచి హేవార్డ్ (ఒక కివీ రకం) కాయలో వెయ్యికి పైగా గింజలుంటాయి.

అలాగని క్లోవర్‌ను పీకేయక్కర్లేదు, నేలకు నత్రజని ఇచ్చేది అదే. కివీ మొగ్గ విచ్చడానికి వారం ముందు కోసేయండి. పూత ముగిసేదాకా మళ్లీ పూయనివ్వకండి.

కివీలో ఆడ, మగ పువ్వులు వేర్వేరు తీగలకు పూస్తాయి. మగ తీగల విషయంలోనూ పొరపాట్లు జరుగుతున్నాయి. ఎనిమిది ఆడ తీగలకు ఒక మగ తీగ ఉండాలి, రెండూ ఒకేసారి పూయాలి. హేవార్డ్ ఆలస్యంగా పూస్తుంది కాబట్టి దానికి తోమురి లాంటి ఆలస్యపు మగ రకం సరిపోతుంది. ఆడ పువ్వులోనూ కేసరాలు కనిపించి మోసం చేస్తాయి, ఆ పుప్పొడికి సత్తువ లేదు. పువ్వు నడుమ తెల్లని కీలాగ్రాలు (పుప్పొడిని అందుకునే కొనలు) చక్రపు ఆకుల్లా విచ్చుకుని ఉంటే అది ఆడది. ఈగలు తక్కువైన చోట ఉదయం పూట అప్పుడే విచ్చిన మగ పువ్వును తుంచి, ఐదారు ఆడ పువ్వుల మీద మెల్లగా రాయండి.

వేర్ల మీద ముడులు కట్టించే వేరుముడి నులిపురుగులను తగ్గించడానికి ఫ్రెంచ్ బంతి మంచిదే. గట్టున నాలుగు మొక్కలు నాటితే అందం తప్ప ఫలితం లేదు. ఒత్తుగా వేసి, రెండు మూడు నెలలు పెంచి, నేలలో కలపాలి. అయితే కివీ వేర్లు పైపైనే పాకుతాయి కాబట్టి మొదలు చుట్టూ 60 సెంటీమీటర్ల దాకా ఏ మొక్కా వద్దు, తవ్వకమూ వద్దు. ఆకుచెత్త 8 సెంటీమీటర్ల మందాన పరచి, కాండానికి తగలకుండా జానెడు ఖాళీ వదలండి. నీరు నిలిచే నేలైతే ఎత్తు చేసిన బోదె మీదే నాటాలి, లేకుంటే వేరుకుళ్లు తప్పదు. పాకే చిక్కుళ్లు మాత్రం పెట్టకండి, లేత కొమ్మలను చుట్టేసి విరుస్తాయి.

పిల్లులతోనూ జాగ్రత్త. ఈ తీగ వాసన వాటికి మత్తు. లేత మొక్కను కొరికి, రుద్ది పాడు చేస్తాయి. చుట్టూ ఇనుప జాలి కట్టాల్సిందే.

వచ్చే ఏడాది మొదటి కార్యక్రమం కత్తిరింపుల మీద, తీగలు నిద్రావస్థలో ఉండగానే. చిగురు వేళకు ఆలస్యమైతే కోసిన చోటల్లా రసం ధారగా కారుతుంది. మగ తీగలను మాత్రం పూత అయ్యాకే కత్తిరిద్దాం.