ఆఫీసు చిరునామాకి రాస్తున్నాను

చిట్టీ,

ఉత్తరం ఇంటికి కాకుండా ఆఫీసుకి ఎందుకొచ్చిందా అనుకుంటావేమో. ఊరికే. చదివాక మాత్రం బ్యాగులో పెట్టుకెళ్లకు, అక్కడే చింపెయ్యి.

ఇక్కడ అందరం కులాసా. నాన్న మోకాలినొప్పి తగ్గింది, మెట్లెక్కొద్దంటే వినరు. బాబీ పరీక్షలయ్యాయి. నువ్వు ఫోన్ చేసి చాలా రోజులైంది. చేసినా స్పీకర్‌లో పెడుతున్నావు, ఏమడిగినా కాసేపు ఆగి జవాబు చెబుతున్నావు. పనెక్కువేమోలే అంటారు నాన్న.

పెద్దత్త వచ్చి వెళ్లింది. అంత ఎండలోనూ మెడకి స్కార్ఫ్ చుట్టుకుని కనబడ్డావట, గొంతు బొంగురుపోయిందట. జలుబైతే సరే.

కాకపోతే విను. చెంపదెబ్బా, గొంతు మీద పడ్డ చెయ్యీ ఒకటి కావు. గట్టిగా నొక్కితే పది సెకన్లలోనే స్పృహ పోవచ్చు, చాలాసార్లు పైకి మచ్చ కూడా ఉండదు. గొంతు బొంగురు, మింగితే నొప్పి, కళ్లలో ఎర్రచుక్కలు, ఆ కాసేపు ఏం జరిగిందో గుర్తులేకపోవడం, వీటిలో ఏదున్నా ఆసుపత్రికి వెళ్లాలి. జరిగి రోజులు గడిచినా వెళ్లాలి. మెడలో రక్తనాళం లోపలిపొర చిరిగితే పక్షవాతం ఆలస్యంగా రావచ్చు. డాక్టరుతో ‘జారిపడ్డాను’ అనకు. ఎవరు, ఎలా, ఒక చేత్తోనా రెండు చేతులతోనా చెప్పి, అలాగే రాయమను. భర్త ఒకసారి గొంతు నులిమాడంటే, తర్వాత అతని చేతిలోనే హత్యకు గురయ్యే అవకాశం ఏడు రెట్లకు పైగా పెరుగుతుందని 2008లో అమెరికాలో వచ్చిన అధ్యయనం తేల్చింది. భయపెట్టడానికి కాదు రాసింది. సరే, కొంచెం భయపడు.

చిన్నపిన్ని సంగతి నీకు సగమే తెలుసు. చదువుంది, ఉద్యోగముంది, ఎందుకు పడుండాలి అన్నారంతా. దాని జీతం కార్డు భర్త దగ్గరుండేదని ఎవరికీ తెలీదు. పెళ్లైన కొత్తలో చెయ్యెత్తలేదు. ముందు స్నేహితురాళ్లు దూరమయ్యారు, తర్వాత ఫోన్ అతని చేతికెళ్లింది, దెబ్బలు ఆ తర్వాతే. కొట్టిన మర్నాడు ఏడ్చి కాళ్లు పట్టుకునేవాడు, కొన్ని వారాలు బంగారంలా ఉండేవాడు. ఆ మంచిరోజులే దాన్ని కట్టిపడేశాయి. దాని కొడుకు నాని మీద ఎప్పుడూ చెయ్యి పడలేదు, పక్కగదిలో వినేవాడంతే. ఎనిమిదేళ్లొచ్చాక మళ్లీ పక్క తడపడం మొదలుపెట్టాడు. బడి వేళకి కడుపునొప్పి. వాడికి నులిపురుగుల మందు పట్టించారు! చివరికోసారి గొడవలో ‘వెళ్లిపోతున్నా’ అని మొహమ్మీదే చెప్పేసింది. పట్టు జారిపోతోందని తెలిశాకే ఇలాంటివాళ్లు మరీ తెగిస్తారని దానికెవరూ చెప్పలేదు. ఎలాగో బయటపడింది. తర్వాత సర్టిఫికెట్ల కోసం ఒక్కతే తిరిగెళ్లింది. చెయ్యి విరిగింది అప్పుడు, మెట్ల మీంచి పడి కాదు.

అందుకే కాగితాలు ముందు. గుర్తింపు కార్డులు, బ్యాంకు పుస్తకం, సర్టిఫికెట్లు, వైద్యం రిపోర్టులు, వీటి నకళ్లు బయట నమ్మకమైన మనిషి దగ్గర ఉండాలి. ఫోన్‌లో ఫొటోలు తీసి ఉంచితే చాలదు, ఆ గ్యాలరీ ఇంకో ఫోన్‌లోనూ తెరుచుకుంటుందేమో చూసుకో. పాస్‌వర్డులన్నీ ఒక్కసారే మార్చినా అనుమానమొస్తుంది. ఏదైనా వెతకాలంటే ఆఫీసులో ఎవరి ఫోనైనా అడిగి వాడుకో. రెండు జతల బట్టలు, కొంత డబ్బు, తాళంచెవి, నీ థైరాయిడ్ మాత్రలు (మానేశావు కదూ, నాకు తెలుసు) ఓ సంచీలో పెట్టి అదీ బయటే ఉంచు. గొడవ మొదలైతే వంటింటివైపు వెళ్లకు, కత్తులుంటాయి. స్నానాలగదిలోకీ పోకు, దానికి రెండో దారి ఉండదు. గుమ్మం దగ్గరగా ఉండు.

క్లాసు పీకకూడదనుకుని మొదలుపెట్టి అదే చేశాను. ఎందుకు వచ్చెయ్యవని మాత్రం అడగను. ఎప్పుడన్నది నీకే బాగా తెలుస్తుంది.

‘కుట్టుమిషను బాగుచేయించారా?’ అని ఎప్పుడైనా మెసేజ్ పెట్టు. ఫోన్ చేసి ఎందుకని అడగం, జవాబూ పెట్టం. నాన్నా, బాబీ బయల్దేరిపోతారు. రాత్రి రెండింటికైనా సరే.

మీ అమ్మ