నామినీ కాలమ్ ఎందుకు ఖాళీగా ఉంటోంది?

సంపాదకుడు గారికి నమస్కారం.

ఎవరూ అడగకుండా మిగిలిపోయిన డబ్బును సొంతదారులకు చేర్చడానికి కేంద్రం ‘మీ డబ్బు, మీ హక్కు’ పేరుతో 2025 అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఊరూరా శిబిరాలు పెట్టింది. మంచి పనే. పదేళ్లుగా ఎవరూ ముట్టని బ్యాంకు డిపాజిట్లు రిజర్వు బ్యాంకు దగ్గరున్న ప్రత్యేక నిధికి వెళ్తాయి. 2024 మార్చి ఆఖరుకి ఆ నిధిలో 78,213 కోట్ల రూపాయలున్నాయి. అదంతా నామినీ (ఖాతాదారు పోతే బ్యాంకు నుంచి డబ్బు అందుకునే మనిషి) లేక పోగుపడిందే అని నేననను. ఊరు మారి ఖాతా సంగతే మరిచిపోయినవాళ్లు ఉంటారు, వంద రూపాయల కోసం ఎవరు తిరుగుతారులే అని వదిలేసినవాళ్లూ ఉంటారు. అయితే ముప్ఫై ఏళ్లకు పైగా బ్యాంకు కౌంటర్ వెనక కూర్చున్నవాడిగా, నా కళ్లముందే పుట్టిన కారణం ఒకటి చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ కారణం ఖాతా తెరిచే ఫారంలోని నామినీ కాలమ్.

ఫారం మీద పేరు, అడ్రసు, ఫొటో, సంతకం అన్నీ ఉంటాయి. ఆ ఒక్క కాలమ్ దగ్గరికొచ్చేసరికి పెన్ను ఆగేది. “నామినీగా ఎవరి పేరు రాయమంటారండీ?” అంటే, “శుభమా అని ఖాతా తెరుస్తుంటే ఆ మాటెందుకు బాబూ” అనేవారు పెద్దావిడలు. మగవాళ్లయితే “తర్వాత రాస్తాలెండి” అని పక్కకి జరిపేవారు. ఇద్దరు కొడుకులున్న ఒక రైతు అయితే చాలాసేపు ఆలోచించి, “పెద్దాడి పేరు రాస్తే చిన్నాడు ఊరుకోడు, ఉంచెయ్యండి” అన్నాడు. అలా ఉంచేసిన ఫారాలు ఎన్ని నా చేతుల మీదుగా వెళ్లాయో లెక్కలేదు.

ఇంకొకరిని అనడమెందుకు? రిటైరయ్యాక నా సొంత ఎఫ్‌డీ రశీదులు ముందేసుకుని చూస్తే, ఒకదాని మీద నామినీ లేరు. తొమ్మిదేళ్ల నాటి డిపాజిట్. ప్రతిసారీ దానంతటదే రెన్యువల్ అవుతోంది, కాలమ్ మాత్రం అలాగే ఖాళీగా ఉంది. రోజుకి పదిమందికి నామినీ గురించి చెప్పినవాణ్ణి! మా ఆవిడకి చెబితే, “మరి ఇన్నాళ్లూ నాకేం చెప్పారు?” అంది. సమాధానం లేదు.

ఇది తెలియకపోవడం వల్ల జరిగేది కాదు, బద్ధకం అనడం కూడా సరిపోదు. మనుషులు నిర్ణయాలు ఎలా తీసుకుంటారో, ఎలా వాయిదా వేస్తారో చదివే ప్రవర్తనా శాస్త్రం దీన్ని బాగానే వివరించింది. ఉన్న స్థితిని మార్చడానికి మనసు ఒప్పుకోదని అమెరికా ఆర్థికవేత్తలు శామ్యూల్సన్, జెక్‌హౌజర్ 1988లోనే చూపించారు. ముందే ఏది పెట్టి ఉంటే దానితోనే సర్దుకుంటాం. ఫోన్ కొన్నప్పుడు వచ్చిన రింగ్‌టోన్ ఎందరు మారుస్తారు? మన ఫారంలో ముందే పెట్టి ఉన్నది ‘ఖాళీ’. ఏమీ చేయకపోతే అదే మన నిర్ణయమైపోతుంది. మనం నిర్ణయం తీసుకున్నామని కూడా మనకు తెలియదు.

దీనికి ‘రేపు’ తోడవుతుంది. నామినీ రాయడం వల్ల వచ్చే ఇబ్బంది ఇప్పుడే ఎదురవుతుంది: చావు గుర్తొస్తుంది, కొడుకుల మధ్య ఒకరిని ఎంచాలి, నామినీ పుట్టినతేదీ వెతకాలి. లాభం ఎప్పుడో, అదీ మనం పోయాక, వేరేవాళ్లకి. ఇప్పటి చిన్న కష్టాన్ని మనసు కొండంత చేసి చూపిస్తుంది, ముందుముందు వచ్చే పెద్ద నష్టాన్ని ఆవగింజంత చేస్తుంది. 2017లో నోబెల్ అందుకున్న రిచర్డ్ థేలర్ ఈ బలహీనతనే పట్టుకుని, బెనార్ట్జీ అనే సహచరుడితో కలిసి ఒక పథకం తయారుచేశాడు. పొదుపు ఇవాళ పెంచమని ఉద్యోగుల్ని అడగలేదు, వచ్చే ఇంక్రిమెంట్ నుంచి పెంచుతామని ఇవాళే సంతకం పెట్టమన్నాడు. మొదట అమలు చేసిన కంపెనీలో, ఒప్పుకున్నవారి పొదుపు జీతంలో 3.5 శాతం నుంచి 40 నెలల్లో 13.6 శాతానికి చేరింది. మనిషిని మార్చలేదు, అడిగే పద్ధతి మార్చాడు.

ఖాళీకి కారణం ఖాతాదారు ఒక్కడే అనుకుంటే మళ్లీ పొరపాటే. కౌంటర్ ఇవతల కూర్చున్నవాడూ మనిషే. అందరికీ బ్యాంకు ఖాతా తెరిపించే జన్‌ధన్ పథకం మొదలైన 2014 ఆగస్టులో ఒక్క వారంలోనే దేశమంతటా కోటీ 80 లక్షలకు పైగా ఖాతాలు తెరిచి గిన్నిస్ రికార్డుకెక్కాం. ఆ శిబిరాల్లో నేనూ కూర్చున్నాను. సాయంత్రానికి మమ్మల్ని అడిగేది ఒకటే లెక్క: ఎన్ని ఖాతాలు? ఎన్నింటికి నామినీ ఉన్నారని ఎవరూ అడగలేదు. ముందర యాభైమంది క్యూ ఉంటే, “తర్వాత రాస్తా” అన్న మనిషిని కూర్చోబెట్టి ఒప్పించే ఓపిక ఎవరికుంటుంది? “సరేలెండి” అనేశాం. బీమా పాలసీలు అమ్మడానికి టార్గెట్ ఉంది, నామినీకి లేదు. లెక్క అడిగిన పనే జరుగుతుంది. ఇది బ్యాంకుల్లోనే కాదు, ఏ ఆఫీసులోనైనా అంతే.

ఈ ‘తర్వాత’ ఖరీదు ఎవరు కడతారంటే, ఇంట్లో మనిషి పోయి పెద్దకర్మ అయినా కాకముందే బ్యాంకుకి రావాల్సిన భార్య. నామినీ ఉంటే మరణ ధ్రువీకరణ పత్రం, ఆమె గుర్తింపు కార్డు, క్లెయిమ్ ఫారం ఇస్తే పని నడుస్తుంది. లేకపోతే తహసీల్దారు ఆఫీసులో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసులందరి సంతకాలు, పూచీకత్తు బాండు. మొత్తం పెద్దదైతేనో, వారసుల మధ్య తగాదా ఉంటేనో కోర్టు నుంచి వారసులెవరో తేల్చే సక్సెషన్ సర్టిఫికెట్. దుబాయ్‌లో ఉన్న కొడుకు సంతకం కోసం నెలలు ఆగినవాళ్లను చూశాను.

అందుకే రిజర్వు బ్యాంకు 2025 జనవరిలో ఇచ్చిన సర్క్యులర్ నాకు నచ్చింది. కొత్త, పాత ఖాతాలన్నిటికీ నామినేషన్ తీసుకోమనడంతో ఆగలేదు. ఖాతా తెరిచే ఫారంలోనే ‘నామినీ కావాలి’ లేదా ‘వద్దు’ అని ఎంచుకునే వీలు పెట్టమంది. చూడ్డానికి చిన్న మార్పే. కానీ ఖాళీగా వదిలే దారి మూసేస్తే మనిషి ఏదో ఒకటి తేల్చుకోక తప్పదు. అమెరికాలో ఒక కంపెనీ కొత్త ఉద్యోగుల్ని పింఛను పొదుపులో చేరతావా, చేరవా అని ఏదో ఒకటి రాసి ఇవ్వమంది. ఇష్టమైతే చేరండి అని వదిలేసినప్పటికన్నా చేరినవాళ్లు 28 శాతం పాయింట్లు ఎక్కువ, అంటే వందమందిలో 28 మంది అదనం. ఈ ఫలితం 2009లో అచ్చయింది. ఎవరినీ బలవంతపెట్టలేదు, వద్దని రాసే హక్కు అందరికీ ఉంది.

పాత ఖాతాల సంగతే కష్టం. కొత్త ఫారం వాటిని ముట్టదు. ఇక్కడ ‘నామినీని చేర్చండి’ అని ఏడాదికోసారి ఎస్సెమ్మెస్ పంపితే, సంక్రాంతి శుభాకాంక్షల మెసేజీలతో పాటు అదీ పోతుంది. ఉచిత ఫ్లూ టీకాకు రమ్మంటూ ఉద్యోగులకు పంపిన ఉత్తరంలో ‘ఏ తేదీన, ఎన్నింటికి వెళ్తారో ఇక్కడ రాసుకోండి’ అని ఖాళీ వదిలినందుకే టీకా వేయించుకున్నవారు నాలుగు శాతం పాయింట్లు పెరిగారని 2011లో ఒక అధ్యయనం చెప్పింది. మన మెసేజీలోనూ, “మీ ఫలానా ఖాతాకు నామినీ లేరు, ఈ శనివారం ఆధార్‌తో రండి, పది నిమిషాల పని” అని ఉంటే కొందరైనా కదులుతారు.

బెదిరింపు పనిచేస్తుందా అంటే, షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ అనుభవం ఉంది. షేర్లు, మ్యూచువల్ ఫండ్లు ఉన్నవాళ్లు నామినీనైనా ఇవ్వాలి, వద్దనైనా రాసివ్వాలి, లేకపోతే ఖాతా స్తంభింపజేస్తామంది. గడువు పొడిగించింది, మళ్లీ పొడిగించింది, చివరికి 2024 జూన్‌లో పాత ఖాతాలను స్తంభింపజేయబోమంది. గడువంటే పొడిగిస్తారులే అన్న పాఠం మాత్రం జనం బాగా నేర్చుకున్నారు.

ఈ ప్రవర్తనా శాస్త్రాన్ని మంత్రదండంలా అమ్మేవాళ్లున్నారు, వాళ్లతో నాకు పేచీ ఉంది. ఇలాంటి చిన్న మార్పుల ఫలితం పరిశోధన పత్రాల్లో సగటున 8.7 శాతం పాయింట్లు కనిపిస్తే, అమెరికాలో ప్రభుత్వాల తరఫున పెద్ద ఎత్తున చేసినప్పుడు 1.4 మాత్రమేనని 2022లో ఇద్దరు ఆర్థికవేత్తలు లెక్కతేల్చారు. ఫారం కింద కాకుండా పైన సంతకం పెట్టిస్తే జనం నిజాలు రాస్తారని పేరుమోసిన 2012 నాటి పత్రాన్నయితే, అందులోని అంకెలు కల్పితమని తేలి 2021లో వెనక్కి తీసుకున్నారు. అయినా మన దేశంలోని ఖాతాల సంఖ్యకి 1.4 శాతం పాయింట్లు కూడా తక్కువేం కాదు.

ఖాళీ కాలమ్ వెనక భయాలు కూడా ఉన్నాయి. కోడలి పేరు రాస్తే డబ్బు ఆమె సొంతమైపోతుందన్నది అందులో పెద్దది. కాదు. బ్యాంకు దగ్గర డబ్బు అందుకునే హక్కు మాత్రమే నామినీది, ఆ డబ్బు వారసులకే చెందుతుందని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. పేరు ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. 2025 నవంబరు 1 నుంచి ఒక డిపాజిట్‌కు నలుగురి దాకా, ఎవరికెంత వాటా అన్నదీ చెప్పి, నామినీలుగా రాయొచ్చు. ఆ రైతు ఇప్పుడొస్తే ఇద్దరు కొడుకుల పేర్లూ రాసి పంపేవాణ్ణి. ఈ నాలుగు మాటలు ఫారంలో ఆ కాలమ్ పక్కనే, తెలుగులో, కళ్లజోడు లేకుండా కనిపించే అక్షరాల్లో ఉండాలి. ‘నా మరణానంతరం’ అని మొదలుపెట్టే బదులు ‘ఈ డబ్బు మీ ఇంట్లో ఎవరి చేతికి అందాలి?’ అని అడిగితే పెద్దావిడలు కూడా జవాబిస్తారని నా నమ్మకం.

మొన్న మా ఊరి శాఖకు వెళ్లాను. పాస్‌బుక్ ప్రింట్ చేసే మిషన్ దగ్గర ఎప్పుడూ పదిమంది నిలబడి ఉంటారు, వేరే పనేమీ ఉండదు. ఆ పక్కన ఒక టేబుల్, దారం కట్టిన పెన్ను, ఒక కట్ట నామినేషన్ ఫారాలు పెట్టించమని మేనేజరుగారిని అడిగాను. ఆయన మంచివాడే, నవ్వి, “పైనుంచి సర్క్యులర్ రావాలి సార్” అన్నారు. ఆ పైవాళ్లు మీ పత్రిక చదువుతారనే ఆశతో ఇది మీకు పంపుతున్నాను.

— ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, తెనాలి